పిన్ని కాలమ్‌కి పిల్లలే సరుకు: సేవింగ్ సారా కేన్ తెలుగు రివ్యూ

అందరికీ నమస్కారం. ఈసారి కాస్త పాత సినిమా తీసుకొచ్చాను, మనవాళ్లలో ఎక్కువమంది చూసి ఉండరు. పేరు సేవింగ్ సారా కేన్. 2007లో అమెరికాలో లైఫ్‌టైమ్ అనే టీవీ ఛానెల్‌లో వచ్చింది. ఫైట్లు లేవు, ఐటెం సాంగ్ లేదు. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, రిమోట్ చేతిలో పట్టుకోకుండా ధైర్యంగా చూడొచ్చు. పోస్టర్ చూస్తే అమ్మానాన్నల్లేని ఆమిష్ (పాత పద్ధతుల్లో బతికే ఒక క్రైస్తవ సంఘం) పిల్లలు సిటీకొచ్చి పడే అవస్థలు అనిపిస్తుంది. అవస్థలు ఉన్నాయి కూడా. కానీ నన్ను పట్టి కూర్చోబెట్టింది ఇంకొకటి. అక్కడికే వస్తా.

కథ టూకీగా. సారా కేన్ పోర్ట్‌లాండ్‌లో ఒక పేపర్‌కి కాలమ్ రాస్తుంటుంది. ఒకప్పుడు జనం బాగానే చదివారు, ఇప్పుడు ఆవిడ దగ్గర చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఎడిటర్ ఓపిక కూడా అయిపోవచ్చింది. ఆ ఎడిటర్ వేషం వేసింది ఎలియట్ గూల్డ్, ఫ్రెండ్స్ సీరియల్ చూసినవాళ్లు మోనికా వాళ్ల నాన్నని గుర్తుపట్టేస్తారు. సరిగ్గా అప్పుడే పెన్సిల్వేనియా నుంచి కబురొస్తుంది, అక్క చనిపోయిందని. ఆ అక్క ఎప్పుడో ఒక ఆమిష్ అతన్ని చేసుకుని వాళ్లలో కలిసిపోయింది. అతను ముందే పోయాడు. ఇప్పుడు ఐదుగురు పిల్లలు మిగిలారు, వాళ్ల బాధ్యత చట్టప్రకారం ఈ పిన్ని మీద పడింది. పిన్నికేమో తన సంగతే తనకి సరిగ్గా తెలీదు. చివరికి ఐదుగురినీ వెంటబెట్టుకుని పోర్ట్‌లాండ్ వచ్చేస్తుంది.

ఇక్కడిదాకా మనం వంద సినిమాల్లో చూసిందే. అసలు ముడి ఇక్కడుంది. సారా ఆ పిల్లల గురించి కాలమ్ రాయడం మొదలుపెడుతుంది. వాళ్లకి చెప్పకుండా. వాళ్ల ఏడుపు, వాళ్ల ప్రార్థన, సిటీలో వాళ్లు తడబడటం, అన్నీ ఆవిడకి మేటర్. కాలమ్ హిట్టు. జనం ఎగబడి చదువుతున్నారు, ఎడిటర్ ఇంకా కావాలంటాడు, పోయిన పేరు తిరిగొచ్చింది. పొద్దున పిల్లలకి టిఫిన్ పెట్టిన మనిషే సాయంత్రానికి వాళ్ల గురించి ఊరందరికీ చెప్పుకుంటోంది. సారా దుర్మార్గురాలు కాదండీ. అది ఈ సినిమాకి ప్లస్. పిల్లల మీద ప్రేమా నిజమే, వాళ్ల వల్ల ఉద్యోగం నిలబడిందన్న లోపలి సంతోషమూ నిజమే. సారాగా చేసిన లీసా పెప్పర్ ఆ రెండూ మొహంలో బాగానే మోసింది.

ఈ తప్పు ఎంత పెద్దదో తెలియాలంటే ఆమిష్ వాళ్ల గురించి కొంచెం తెలియాలి. 1693లో స్విట్జర్లాండ్ వైపు యాకబ్ అమ్మాన్ అనే ఆయన వెనక చీలిన క్రైస్తవ శాఖ వీళ్లది. తర్వాత అమెరికాకి వలస వెళ్లారు, యూరప్‌లో ఇప్పుడు ఆ సంఘమే లేదు. ఉత్తర అమెరికాలో మాత్రం దాదాపు 4 లక్షల మంది ఉన్నారు. ఇంట్లో ఒక జర్మన్ యాస మాట్లాడతారు. కరెంటు లైను ఇంట్లోకి రానివ్వరు. కానీ బ్యాటరీ దీపాలు వాడతారు, గ్యాస్ ఫ్రిజ్ వాడతారు. ఫోన్ కూడా చాలాచోట్ల ఇంట్లో కాకుండా దారి చివర ఒక చిన్న గదిలో పెట్టుకుంటారు. వచ్చే ప్రతి వస్తువునీ, ఇది మా ఇంటినీ సంఘాన్నీ విడదీస్తుందా అని అడుగుతారు. విడదీస్తుందనుకుంటే వద్దంటారు. యంత్రం అంటే భయపడే మనుషులు కాదు.

న్యూజెర్సీ, ఫిలడెల్ఫియా వైపు ఉన్న మనవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ఒక వీకెండ్ పెన్సిల్వేనియాలో ఆమిష్ వాళ్లుండే లాంకాస్టర్‌కి ట్రిప్ వేస్తారు. బూడిదరంగు గుర్రబ్బండి కనిపించగానే కారు పక్కకి ఆపి ఫోన్లు తీస్తారు. బండిలో మనిషి మొహం పక్కకి తిప్పుకుంటాడు. పొగరు కాదండీ. ఫోటోకి నిలబడటం వాళ్లకి నిషేధం లాంటిది. దేవుడు దేని పోలికతోనూ బొమ్మలు చేయొద్దన్నాడన్న ఆజ్ఞ ఒకటి, నన్ను చూడండి అనే గర్వం మనిషికి ఉండకూడదన్న పట్టుదల ఒకటి. పాతకాలం ఆమిష్ గుడ్డబొమ్మలకి కళ్లూ ముక్కూ కూడా కుట్టరు. అలా పెరిగిన పిల్లల్ని తీసుకొచ్చి పేపర్‌లో వారంవారం మనిషి మనిషినీ విప్పి చూపించడం అంటే మాటలా! పిల్లల్లో పెద్దమ్మాయి లిడీకి ఈ సంగతి తెలిసినప్పుడు పడే బాధ అందుకే అంత గట్టిగా తగులుతుంది.

2007లో ఇది ఒక కాలమిస్టు కథ. ఇప్పుడు చూస్తే మన ఇంటి కథలా ఉంది. ఏ భాషలో అయినా చూడండి, తెలుగులో ఇంకాస్త ఎక్కువ చూడండి. పిల్లాడికి జ్వరం వస్తే వ్లాగ్, మార్కులు తగ్గితే వ్లాగ్, తాతయ్య పోతే ఏడుస్తున్న పిల్ల థంబ్‌నెయిల్. ఓణీల ఫంక్షన్ వీడియోలు లక్షల వ్యూస్ తెచ్చుకుంటున్నాయి. పన్నెండేళ్ల పిల్లకి తన ఒంట్లో వచ్చిన మార్పు ఏంటో సరిగ్గా తెలియకముందే ఊరూపేరూ లేని జనం కింద కామెంట్లు పెడుతున్నారు. ఆ పిల్లని ఎవరైనా అడిగారా? అమ్మానాన్నలకి ప్రేమ లేదని నేననను. సారాకీ ఉంది కదా. సినిమా ఈ ముక్క దగ్గర ఇంకో అరగంట నిలబడి ఉంటే నేను చేతులెత్తి దణ్ణం పెట్టేవాణ్ణి.

ఇక పిల్లలు. పెద్దమ్మాయి లిడీగా అబిగెయిల్ మేసన్ చేసింది. సినిమాని మోసింది ఈ అమ్మాయే. తల్లి పోయింది, కింద నలుగురున్నారు, తనే తల్లి కావాలి, తనకి మాత్రం ఒడి లేదు. అరుపులు లేవు, పెద్ద పెద్ద డైలాగులు లేవు. నిటారుగా నిలబడే తీరులోనే ఆ బరువంతా చూపించింది. చిన్నపిల్ల హన్నాగా బెయిలీ మాడిసన్ ఉంది. తర్వాత బ్రదర్స్ సినిమాలో టోబీ మెగ్వైర్ కూతురిగా డిన్నర్ టేబుల్ దగ్గర బెలూన్ గీకుతూ వణికించేసిన పిల్ల ఈవిడే. ఇందులో మాత్రం కళ్లతో చేసే పని ఎక్కువ. మగపిల్లలిద్దరినీ స్క్రిప్టు పెద్దగా పట్టించుకోలేదు.

సిటీ సీన్లలో నాకు నచ్చింది స్కూలు గొడవ. నచ్చడానికి కారణం సినిమా చూపించినదానికంటే దాని వెనకున్న అసలు చరిత్ర. ఆమిష్ పిల్లలు ఒకే గది ఉన్న తమ బడిలో ఎనిమిదో తరగతి దాకానే చదువుతారు. ఎనిమిది తరగతులూ ఆ ఒక్క గదిలోనే, టీచరు సాధారణంగా అదే సంఘంలోని పెళ్లికాని అమ్మాయి. తర్వాత పొలం, వంటిల్లు, చేతిపని. అంటే లిడీ వయసు అమ్మాయి బడి మానేసి ఏళ్లయి ఉంటుంది, ఇంటి పని మొత్తం చేయగలిగే మనిషి. ఆమిష్ అమ్మాయి పొద్దున లేచి గౌనుకి గుండీల బదులు గుండుసూదులు ఒక్కొక్కటీ గుచ్చుకుని, ఏప్రాన్ కట్టుకుని, తలమీద టోపీ పెట్టుకుంటుంది. ఆ వేషంలో వందలమంది జీన్స్ వేసుకున్న పిల్లల మధ్యకి వెళ్లి కూర్చోవడం ఊహించుకోండి. జూనియర్ కాలేజీ మధ్యలో అమెరికా వెళ్లి హైస్కూల్లో చేరిన మన పిల్లలు ఈ సీన్లు చూస్తే పొట్టలో తిప్పుతుంది.

ఈ చదువు గొడవ అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. విస్కాన్సిన్ రాష్ట్రంలో ముగ్గురు తండ్రులకి, పిల్లల్ని ఎనిమిది తర్వాత బడికి పంపలేదని తలా 5 డాలర్లు జరిమానా వేశారు. 5 డాలర్లు! కట్టేసి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. 1972లో విస్కాన్సిన్ వర్సెస్ యోడర్ తీర్పులో కోర్టు ఆమిష్ వాళ్ల పక్షమే మాట్లాడింది, మత స్వేచ్ఛ కింద. నాకు ఆసక్తిగా అనిపించేది జస్టిస్ డగ్లస్ విడిగా రాసిన మాట. తల్లిదండ్రులు చెబుతున్నారు, ప్రభుత్వం చెబుతోంది, బాగానే ఉంది, మరి పిల్లలేమంటున్నారో వినొద్దా అన్నాడాయన. కేసులో ఉన్న పిల్లల్లో ఒక్క అమ్మాయే కోర్టులో మాట్లాడింది. ఈ సినిమా మొత్తం ఆ ప్రశ్న మీద నిలబడాల్సింది. ఊళ్లో ఉంచాలా, సిటీకి తేవాలా అని పెద్దవాళ్లే తేల్చేస్తుంటారు. పిల్లలు సూట్‌కేసుల్లా అటూ ఇటూ.

లాజిక్ అడిగేవాళ్లకి ఒక పెద్ద కన్నం ఉంది. ఆమిష్ ఇంట్లో ఆరేడుగురు పిల్లలుండటం మామూలు. అంటే చనిపోయిన తండ్రికి అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ బోలెడుమంది ఉండాలి. గుర్రాల కొట్టం కాలిపోతే ఊరంతా వచ్చి మళ్లీ లేపి నిలబెట్టే మనుషులు. ఆస్పత్రి ఖర్చు వస్తే సంఘమంతా కలిసి కట్టుకుంటారు, మాకు మేమున్నాం అని చెప్పి 1965లో ప్రభుత్వ సోషల్ సెక్యూరిటీ నుంచి మినహాయింపు కూడా తెచ్చుకున్నారు. అలాంటి చోట ఐదుగురు అనాథలకి దిక్కు లేక, ఎప్పుడూ రాని పిన్ని చేతిలో పడ్డారంటే లాంకాస్టర్‌లో ఎవరూ నమ్మరు. చట్టం అడ్డం వచ్చిందని సినిమా సర్దిచెప్పుకుంటుంది. కథ నడవాలి కాబట్టి సరే అనుకుని ముందుకెళ్లాలి, అంతే.

ఇంకో తప్పు అమెరికా రియాలిటీ షోల పుణ్యాన అందరి బుర్రలోకి ఎక్కింది, అది కూడా చెప్పేస్తా. ఆమిష్ పిల్లలు సిటీకి పోతే వెలివేస్తారని. కాదండీ. వాళ్లలో బాప్తిస్మం పెద్దయ్యాక, ఇష్టపడి తీసుకునేది. వెలి అనేది ఆ మాట ఇచ్చి తప్పినవాళ్లకి. ఈ ఐదుగురూ ఇంకా ఆ మాట ఇవ్వనివాళ్లు, వాళ్లకి తలుపు మూసుకోదు. స్వేచ్ఛ ఇచ్చినా పదిమందిలో ఎనిమిది మందికి పైగా సంఘంలోనే ఉండిపోతారు. ఇది తెలిసి చూస్తే క్లైమాక్స్ ఇంకోలా అనిపిస్తుంది. క్లైమాక్స్ నేను చెప్పను.

నాకు అన్నిటికంటే గుచ్చుకున్నది చెబుతా. ఈ కథకి మూలం బెవర్లీ లూయిస్ నవల. ఆవిడ లాంకాస్టర్‌లోనే పుట్టింది, కానీ ఆమిష్ కాదు. 1997 నుంచి ఆమిష్ కథలు రాస్తోంది, లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. ఆవిడ వెనక ఒక పెద్ద మార్కెట్టే పుట్టింది, తెల్ల టోపీ పెట్టుకున్న అమ్మాయి అట్టమీద బొమ్మగా ఉండే నవలలు. రాసేవాళ్లు, చదివేవాళ్లు దాదాపు అందరూ బయటివాళ్లే. డైరెక్టర్ మైకేల్ లాండన్ జూనియర్ కూడా బయటివాడే. సారా చేసింది తప్పు అని గంటన్నర మనకి చెప్పిన సినిమా, తను కూడా చేస్తున్నది అదే కదా అని ఒక్క క్షణం అద్దంలో చూసుకోలేదు. నేను వీడియో చేస్తున్నాను, సరే, నన్నూ ఆ లిస్టులో వేసుకోండి.

పైగా ఈ సినిమా వచ్చింది ఎలాంటి టైమ్‌లోనో చూడండి. 2006 అక్టోబర్ 2న లాంకాస్టర్ దగ్గర నికెల్ మైన్స్ అనే చోట ఒక దుండగుడు ఆమిష్ బడిలోకి దూరి పదిమంది ఆడపిల్లల్ని కాల్చాడు, ఐదుగురు చనిపోయారు. ఆ రోజే సంఘం పెద్దలు కొందరు వాడి భార్య ఇంటికెళ్లి, మీమీద మాకు కోపం లేదని చెప్పొచ్చారు. దేశదేశాల పత్రికలు, కెమెరాలు ఆ పొలాల్లోకి దిగిపోయాయి. కొద్దిరోజులకే ఆ బడిని కూల్చేసి ఆ చోటిని గడ్డినేలగా మార్చేశారు. చూడటానికి వచ్చేవాళ్లకి చూసేందుకేమీ మిగల్లేదు. ఏడాది తిరక్కుండానే ఈ సినిమా టీవీలోకి వచ్చింది. అందుకే పేపర్లో ఆమిష్ పిల్లలు అనే పాయింటు అప్పటి అమెరికా ప్రేక్షకుడికి ఇంకా పచ్చిగా తగిలి ఉంటుంది.

టెక్నికల్‌గా చూస్తే టీవీ సినిమా బడ్జెట్ కనిపిస్తుంది. నేపథ్య సంగీతం ఊపిరి పీల్చుకోనివ్వదు, ఏ సీన్‌లో ఏడవాలో ముందే చెప్పేస్తుంది. ఆమిష్ ప్రార్థనలో వాయిద్యమే ఉండదు. వాళ్ల ప్రతి ఆరాధనలో పాడే లోబ్లీడ్ అనే ఒక్క కీర్తనని దాదాపు ఇరవై నిమిషాలు సాగదీసి గొంతుతోనే పాడతారు. ఆ నెమ్మది ఒక్క నిమిషం వినిపించినా చాలు, పది వయొలిన్లు ఆపేయొచ్చు. పిన్ని లవ్ ట్రాక్ అయితే ఫ్రిజ్‌లో మర్చిపోయిన ఉప్మా. ఆ అబ్బాయి ఎందుకు వస్తాడో, ఎందుకు అలుగుతాడో అతనికే క్లారిటీ లేదు. మీరు ఆ సీన్లలో లేచి కాఫీ పెట్టుకోండి, కథ ఏమీ మిస్ అవ్వరు.

రేటింగ్ అంటారా, మన తెలుగు రివ్యూల ఆచారం ప్రకారం 2.75 ఇవ్వాలి, కానీ లిడీ కోసం 3 ఇస్తున్నా. ఎనిమిది దాటిన పిల్లలున్న ఇల్లయితే వాళ్లతో కలిసే చూడండి. అయిపోయాక వాళ్ల ఫోటోలు, వీడియోలు మీ ఫోన్లోంచి ఎక్కడెక్కడికి వెళ్లాయో ఒకసారి వాళ్లకే చూపించండి. ఏది తీసేయమంటే అది తీసేయండి. వచ్చే వీడియోలో లాంకాస్టర్‌లోనే తీసిన ఇంకో సినిమా, 1985లో హారిసన్ ఫోర్డ్ చేసిన విట్నెస్. అందులో కొట్టం కట్టే సీన్ ఒక్కదానికే పదిహేను నిమిషాలు మాట్లాడతా. ఉంటానండీ.