స్పితిలో లిఫ్ట్ అంటే ఫ్రీ బండి కాదు

నమస్కారం. హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయకి వెళ్లొచ్చానని చెప్పగానే అందరూ అడిగేది ఒకటే. "చెయ్యి ఊపితే చాలంట కదా, పైసా ఖర్చు లేకుండా గోంపాలన్నీ, అదే బౌద్ధ మఠాలన్నీ, తిరిగేయొచ్చంట?" ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మంట చల్లార్చుకోవడానికే ఈ వీడియో.

(మ్యాప్)

ఇదీ స్పితి. నది, దాని వెంట ఒకటే పెద్ద రోడ్డు. చాలా ఊళ్లకు బస్సు ఉంటే రోజుకొకటి. అది పోయిందంటే టీచరమ్మ, లామా గారు, బఠాణీ చేలో పనికెళ్లే ఆవిడ, అందరూ రోడ్డు మీదే. అక్కడ మీకంటే ముందు నిలబడ్డవాళ్లు వాళ్లు.

మన పెళ్లి భోజనాల బంతి గుర్తు తెచ్చుకోండి. మొదటి బంతిలో పెద్దవాళ్లు, చంటిపిల్లల తల్లులు, బస్సు అందుకోవాల్సినవాళ్లు కూర్చుంటారు. మనలాంటి కుర్రాళ్లు ఆగుతారు. విస్తరి ఖాళీగా కనిపించింది కదా అని దూరిపోరు. స్పితి లిఫ్టూ అంతే. వడ్డన దాటిపోతే మళ్లీ రాదు కూడా. బళ్లు ఎక్కువగా పొద్దున్నే పోతాయి, మధ్యాహ్నం దాటాక రోడ్డు మీద మీరూ, గాలీ. ఇక చదివింపులు. తిని, చెయ్యి కడుక్కుని జారుకుంటామా? ఎక్కే ముందే "కిరాయా కిత్నా, భయ్యా?" అనండి. కొందరు వద్దంటారు, కొందరు బస్సు చార్జీ అంత తీసుకుంటారు. అడగడం మన మర్యాద.

నాకిది ధంకర్ గోంపా దారిలో తెలిసొచ్చింది. షిచ్లింగ్ దగ్గర మెయిన్ రోడ్డు వదిలి పైకి ఎనిమిది కిలోమీటర్లు. రెండు గంటలు నిలబడ్డాను. పక్కన ఒక లామా, ఆయన కాళ్ల దగ్గర గ్యాస్ సిలిండర్. మొదట వచ్చిన కారులో ఒక్కరికే చోటుంది, సిలిండర్‌కి లేదు. ఆయన నన్ను ఎక్కమన్నాడు. మొహమాటపడి ఆగిపోయాను, గొప్ప బుద్ధేం కాదు. తర్వాత పికప్ వచ్చింది, వెనకంతా ఖాళీ గోతాలు. లామా ముందు, నేనూ సిలిండరూ వెనక. ప్రతి మలుపులో అది నా మోకాలి మీదకి దొర్లేది, కాలు అడ్డం పెట్టి ఆపడమే నా టికెట్టు. పైకెళ్తే గోంపా తలుపుకి తాళం. ఉసూరుమన్నాను. లామా తీరిగ్గా దిగి, ఎర్ర శాలువా మడతల్లోంచి తాళంచెవి తీశాడు! లోపల కిటికీ దగ్గరికి పిలిచి చూపించాడు. కింద ఎక్కడో లోతున పిన్ నది స్పితిలో కలుస్తోంది.

తాబో గురించి. 996లో కట్టిన మఠం. అంతా మట్టి గోడలు. వాన తక్కువ కాబట్టి నిలిచాయి. చాలామంది కొత్త గుడి, బంగారు రంగు స్తూపం చూసి, పాతవాటిని గోడౌన్లనుకుని వెనక్కి తిరుగుతారు. అయ్యా, అసలు సంగతి ఆ గోడౌన్లలోనే! ప్రధాన మందిరంలో ఫొటోలు తీయనివ్వరు, మంచిదే. లోపల చీకటి. అయిదు నిమిషాలు కదలకుండా నిలబడితే, గోడల్లోంచి మట్టి దేవతలు ఒక్కొక్కరే బయటికొస్తారు, నలుగురై నాలుగు దిక్కులకూ చూస్తున్న వైరోచనుడనే బుద్ధుడితో సహా.

ఇక్కడ మనకో చుట్టరికం ఉంది. 1996లో, మఠానికి వెయ్యేళ్లు నిండినప్పుడు, దలైలామా ఇక్కడ కాలచక్రమనే తాంత్రిక బౌద్ధ సాధనకి దీక్ష ఇచ్చారు. ఆ కాలచక్రాన్ని బుద్ధుడు మొదట ధాన్యకటకంలో బోధించాడని టిబెటన్ల నమ్మకం. అంటే మన అమరావతిలో. 2006లో అక్కడా దీక్ష జరిగింది. గుంటూరు అంటే తాబోలో ఎవరికీ తెలియలేదు. అమరావతి అనగానే ఒక లామా నా గ్లాసులో ఇంకాస్త వెన్న టీ పోశాడు. బంతిలో వియ్యాలవారి మర్యాద! (ఉపమానం సాగదీస్తున్నాను, తెలుసు.)

అయ్యో, టైమైపోతోంది. గబగబా చెప్తాను. కీ గోంపా 4,166 మీటర్లు, స్పితిలో పెద్ద ఊరు కాజాకి దగ్గర, లిఫ్ట్ తేలిక. కోమిక్, హిక్కిం పోస్టాఫీసు వైపు బళ్లు తక్కువ, నలుగురు కలిసి టాక్సీ మాట్లాడుకోండి. మొదటిసారి సిమ్లా, కిన్నౌర్ మీదుగానే రండి, ఎత్తు మెల్లగా అలవాటవుతుంది. మనాలీ దారిలో ఉన్న కుంజుం కనుమ చలికాలం మూసేస్తారు. గోంపాలో ప్రదక్షిణ మన గుళ్లోలాగే. మనాలీకి షేర్ సుమోలు కాజా నుంచి తెల్లారకముందే పోతాయి, ముందు రోజు సాయంత్రమే డ్రైవర్‌కి సీటు చెప్పి పడుకోండి.