'తాగడమ్మా, కల్లే!'

హోస్ట్: అందరికీ నమస్తే. ఇయ్యాల మన ముచ్చటకు మా మేనత్త వచ్చింది. ముప్పై ఏండ్లు సర్కారు దవాఖానల్ల నర్సు, చివరి పన్నెండేండ్లు మానసిక వార్డులనే. పేరు చెప్పద్దన్నది కాబట్టి అత్తమ్మ అనే పిలుస్త. అత్తమ్మా, మైకు దగ్గరికి జరుగు.

అత్తమ్మ: ఇంకా దగ్గరనా? దీనికి ముద్దు పెట్టాల్నా ఏంది?

హోస్ట్: (నవ్వు) చాలు, చాలు. మత్తు మందుల మీద ఎపిసోడ్ అనంగనే నా తలకాయల పబ్బులు, ఎండీఎంఏ, గంజాయి చాక్లెట్లు తిరిగినయ్. నువ్వేమో తాత సంగతి చెప్పుమన్నవ్.

అత్తమ్మ: మరి? పబ్బుల దొరికినోడు టీవీల వస్తడు. మా వార్డుల పన్నోళ్లు ఎన్నడన్న వచ్చిండ్రా? నువ్వు చెప్పు ముందు, తర్వాత నేను చెప్త.

హోస్ట్: తాతకు కంటి ఆపరేషన్ అని ఊరి నుంచి హైదరాబాద్ తోలుకొచ్చినం. మొదటి రాత్రి నిద్ర లేదు. కొత్త జాగ కదా అనుకున్నం. రెండో రోజు చేతులు వణుకుడు. చాయ్ సాసర్ల పోసుకుంటే సగం లుంగీ మీదనే. మూడో రోజు పొద్దుగూకంగ గోడకు చీమలు పాకుతున్నయని చెప్పు తీసుకొని కొడుతున్నడు. గోడ మీద ఏం లేవు. తెల్లారంగ ఫిట్స్.

అత్తమ్మ: ఫోన్ల నేను అడిగిన మొదటి మాట యాదికున్నదా?

హోస్ట్: 'కల్లు తాగక ఎన్ని రోజులాయె?' అన్నవ్. అంతకు ముందే దవాఖానల డాక్టరు 'మందు తాగుతడా?' అని అడిగిండు. 'తాగడు సార్' అని మా నాయినే చెప్పిండు. అబద్ధం చెప్పలే ఆయన. మా ఇంట్ల మందంటే బ్రాందీ, విస్కీ.

అత్తమ్మ: గదే. పన్నెండేండ్లు అదే జవాబు విన్న. 'తాగడమ్మా, కల్లే!' ఆడోళ్లు కూడా అంతే. నాట్లేసి వచ్చినంక ఒళ్లు నొప్పులకు ఒక సీసా, నిద్ర పట్టకపోతే ఇంకో సీసా. వాళ్లను తాగుబోతులని ఎవ్వరన్నరు? చీటీ రాసేటప్పుడు ఆ ముక్క రాయకపోతే డాక్టరు పక్షవాతమనుకుంటడు, మెదడు జ్వరమనుకుంటడు. తలకాయ స్కానింగ్ అయితది, పైసలు అయిపోతయ్, మనిషి గట్లనే వణుకుతుంటడు.

హోస్ట్: కల్లు ఆపితే ఫిట్స్ వస్తయా? చెట్టు కింద తాగే మా దోస్తులకు ఏం కాదు కదా.

అత్తమ్మ: చెట్టు కింద గీసి పోసేది వేరే. అందుల ఉండేది కొంచెం మత్తే. సాయంత్రానికి పులిసిపోతది. దుకాణంల సీసాలు చూసినవా? ఏడాది పొడుగూత ఒక్కతీరుగ, ఒక్క రుచితోటి. ఎండకాలం చెట్లు ఎండినా సీసాలు ఎండవు. ఎక్కడికెల్లి వస్తున్నట్టు? నీళ్లు, సాక్రిన్, మత్తుకు పొడి. ఎనకట క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్ కలిపేటోళ్లు. ఇప్పుడు ఎక్కువ అల్ప్రాజోలం.

హోస్ట్: అది నిద్ర గోలీ కదా?

అత్తమ్మ: దిగులుకు, నిద్రకు డాక్టరు రాస్తే ఇచ్చే గోలీ. చిన్న గోలీల 0.25 మిల్లీగ్రాములుంటది. ఇగ లెక్క వెయ్యి. ఒక్క గ్రాము పొడి అంటే ఎన్ని గోలీలు?

హోస్ట్: (ఆగి) నాలుగు వేలా?

అత్తమ్మ: 4,000. దాన్ని డ్రమ్ముల పోసి కట్టెతోటి కలుపుతరు. త్రాసు లేదు, కొలత లేదు. ఒక సీసాల ఏం ఉండది, పక్క సీసాల ముగ్గురిని పండబెట్టేంత ఉంటది. మత్తు మందుల చట్టం ఎన్‌డీపీఎస్‌ల దీనికి 100 గ్రాములే వాణిజ్య పరిమాణం, అంటే పెద్ద శిక్ష మొదలయ్యే లెక్క. ఆ పైన పట్టుబడితే తక్కువల తక్కువ పదేండ్ల జైలు. అదే గంజాయికి 20 కిలోలు. ఎందుకంత తేడానో ఇప్పుడు తెలిసిందా?

హోస్ట్: 2025 సెప్టెంబర్‌ల పాత బోయిన్‌పల్లిల పట్టుకున్నది ఈ పొడే కదా? ప్రైవేటు బడి నడిచే బిల్డింగ్‌లనే తయారు చేస్తుంటే.

అత్తమ్మ: అదే. ఒక అంతస్తుల పలకలు, ఇంకో అంతస్తుల పొడి. పొయ్యేది మహబూబ్‌నగర్ దిక్కు కల్లు దుకాణాలకని పోలీసులు చెప్పిండ్రు. అంతకు రెండు నెలల ముందే కూకట్‌పల్లిల కల్లు తాగి మనుషులు సచ్చిపోయిండ్రు. కిడ్నీలు దెబ్బతిని నిమ్స్‌ల పడ్డరు చాలామంది.

హోస్ట్: సరే, తాగితే ప్రమాదమంటున్నవ్. ఆపితే కూడా ప్రమాదమేనా?

అత్తమ్మ: ఒక్కసారే ఆపితే. చూడు, ఎడ్ల బండి దిగుట్ల పోతున్నది. ఎనక నుంచి ఒకడు గుంజి పట్టిండు. ఎడ్లు ఆ బరువుకు అలవాటుపడ్డయ్, ఇంకింత బలంగ లాగుతున్నయ్. వాడు గబుక్కున ఇడిసిపెడితే బండి ఆగుతదా? ఆ పట్టుకున్నోడే అల్ప్రాజోలం. ఏండ్ల తరబడి మెదడును గుంజి పడుతది. ఇడిసిన రెండు మూడు రోజులకు నిద్ర పట్టది, వణుకుడు, లేనివి కనిపించుడు, ఫిట్స్. ఊపిరి కూడా పోవచ్చు.

2015ల ఎక్సైజోళ్లు కల్తీ కల్లు మీద దాడులు చేసినప్పుడు ఇదే అయ్యింది. నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ దిక్కు దవాఖానలకు జనం. మా వార్డుల మంచాలు చాలక కింద చాపలేసినం. ఒకాయన గోడకు మొక్కుకుంట కూసున్నడు, దేవుడొచ్చిండని. దాడి చేయద్దంటలేను. దాడి చేసే పొద్దు దవాఖానకు ఒక్క ఫోన్ కొట్టుమంటున్న. ఇంట్ల కూడా అదే తప్పు. కొడుకు కోపంతోటి ముసలాయనను గదిల పెట్టి గొళ్లెం వేస్తడు, 'నాలుగు రోజులైతే మర్చిపోతడు' అని.

హోస్ట్: మరి ఏం చేయాలె?

అత్తమ్మ: పెద్ద సర్కారు దవాఖానల మానసిక వైద్యుల ఓపీకి పోవాలె. హైదరాబాదోళ్లకు ఎర్రగడ్డ మానసిక దవాఖాన ఉండనే ఉన్నది. పొయ్యినంక సిగ్గుపడకుండ మూడు ముచ్చట్లు చెప్పాలె. రోజుకెన్ని సీసాలు, ఎన్నేండ్ల సంది, చివరి సీసా ఎప్పుడు. వాళ్లు ఒంట్ల ఎక్కువ సేపు నిలిచే గోలీ ఇచ్చి, వారాల తరబడి కొంచెం కొంచెం తగ్గిస్తరు. మెడికల్ షాపుల నువ్వే కొని వెయ్యకు. గోలీ ఏసుకొని మీదికెల్లి కల్లు తాగితే ఊపిరి మందగిస్తది.

ఫిట్స్ వస్తే పక్కకు ఒరిగించి పండబెట్టుండ్రి, 108 కొట్టుండ్రి. చేతిల తాళాల గుత్తి పెట్టుడు, నోట్ల చెంచా పెట్టుడు, నీళ్లు పోసుడు, అవేం వద్దు. తాత చేతిల తాళాలు ఎవరు పెట్టింది?

హోస్ట్: ...నేనే. అందరు పెడ్తరు కదా అని.

అత్తమ్మ: తెలుసు, అందుకే అడిగిన.

హోస్ట్: (నవ్వు) ఫోన్ నంబర్లు నేను చెప్త. మనసు బాధలకు సర్కారు ఫోన్ లైను టెలిమానస్ 14416, 2022 నుంచి ఉన్నది. రాత్రైనా పగలైనా తెలుగుల మాట్లాడుతరు. మత్తు మానుకునేటోళ్ల కోసమే కేంద్రం లైను 14446. అమ్మేటోళ్ల గురించి చెప్పాలంటే తెలంగాణల 1908, ఆంధ్రల 1972. అత్తమ్మా, ఒకామె మెసేజ్ పెట్టింది. కొడుకు ఇంజినీరింగ్, గంజాయి తాగుతున్నడట. దవాఖానకు తీస్కపోతే పోలీసులకు చెప్తరేమోనని భయం.

అత్తమ్మ: ఆ భయం తోటే రెండేండ్లు పోగొట్టుకుంటరు. దవాఖాన ఠాణా కాదు బిడ్డా. ఇందాక చెప్పిన ఎన్‌డీపీఎస్ చట్టంల కూడా 64ఏ అని ఒక సెక్షన్ ఉన్నది. వాడకం కేసుల, లేదంటే కొద్దిపాటి సరుకుతోటి పట్టుబడ్డ బానిస, తనంతట తను గుర్తింపున్న దవాఖానల వైద్యం తీసుకుంటే కేసు నుంచి రక్షణ ఉంటది. వైద్యం మధ్యల వదిలి పోతే ఆ రక్షణ తీసెయ్యొచ్చు. అమ్మినోడికి ఇది వర్తించది. ఆమె ముందుగాల 14416కు తానే ఫోన్ చెయ్యొచ్చు. కొడుకు ఒప్పుకునేదాక ఆగే పనిలేదు.

హోస్ట్: తాత సంగతి మర్చిపోయినం. ఇప్పుడు మంచిగనే ఉన్నడు. గోలీ సగానికి వచ్చింది. మా అవ్వ అడకత్తెరతోటి కోస్తది, పోకచెక్క కోసినట్టు. నిన్న రాత్రి తాత ఫోన్ చేసి ఫిర్యాదు. 'మీ అవ్వ సగం కంటె తక్కువ కోస్తున్నదిరా' అని.

అత్తమ్మ: కోస్తది, ఆమె సంగతి నాకు తెల్వదా? మంగళారం ఓపీ ఉన్నది. అప్పటిదాక అడకత్తెర దాచిపెట్టుమను. నేనే ఫోన్ చేస్త, నువ్వు చెప్తే ఇనది.