తాత అతుకు దాచాడు, మనవడు బయటపెట్టాడు

ముందు ఈ ఏనుగును చూడండి. వెనక కాళ్ల మీద లేచి, తొండం నిటారుగా పైకెత్తింది. ఎక్కడ నిలబడిందో తెలుసా? కారు రేడియేటర్ మూత మీద! కారు పేరు బుగాటీ రోయాల్. కారు ఎత్తోరె బుగాటీది, బొమ్మ ఆయన తమ్ముడిది. ఆ కారు రోడ్డెక్కేనాటికి తమ్ముడు పోయి పదేళ్లయింది.

తమ్ముడి పేరు రెంబ్రాంట్. పిల్లాడికి ఆ మహా చిత్రకారుడి పేరు పెట్టారంటేనే ఇల్లు ఎలాంటిదో తెలిసిపోతుంది కదండీ. బెల్జియంలోని ఆంట్వెర్ప్ జూలో జంతువుల ఎదుటే కూర్చుని శిల్పాలు చేసేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ జూలో చాలా జంతువుల్ని చంపేశారు. 1916 జనవరిలో పారిస్‌లో ఆయనా ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి 31 ఏళ్లు.

వీళ్ల నాన్న కార్లో, మిలాన్‌లో ఫర్నిచర్ చేసేవాడు. 1902లో టూరిన్ ఎగ్జిబిషన్‌లో ఆయన పెట్టిన గదిని నత్త గది అంటారు. అందులో కుర్చీలు చూస్తే కూర్చోవాలా, దణ్ణం పెట్టాలా అనిపిస్తుంది. వీపు, సీటు, కాళ్లు అన్నీ ఒకే వంపు. చెక్క మొత్తానికీ పలచటి తోలు చుట్టేశాడు. ఎంత వెతికినా అతుకు కనిపించదు.

ఇక ఎత్తోరె. 1909లో అల్సేస్‌లోని (ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉంది) మోల్స్‌హైమ్‌లో కార్ల కంపెనీ పెట్టాడు. రేసుల్లో ఆయన టైప్ 35 కారు దుమ్ము రేపింది. ఆ ఊపులో రాజుల కోసమని రోయాల్ మొదలుపెట్టాడు. మనం తిరిగే చిన్న కార్ల ఇంజిన్ 1.2 లీటర్లు ఉంటుంది. దీనిది 12.7! చేసినవి ఆరు, బయటివాళ్లు కొన్నవి మూడు. ఒక్క రాజూ కొనలేదు. మిగిలిన ఇంజిన్లను చివరికి రైలు పెట్టెలకు బిగించి అమ్ముకున్నారు. తెలివంటే అదీ!

నాకు మాత్రం ఈ ఇంట్లో ఎత్తోరె కొడుకు జాన్ అంటేనే ఎక్కువ ఇష్టం. రోయాల్ కొన్న ఒకాయన రాత్రిళ్లు నడపనన్నాడని, అసలు హెడ్‌లైట్లే లేకుండా బాడీ గీశాడు. ఆ తర్వాత టైప్ 57 కారు చట్రం మీద అట్లాంటిక్ అనే కారు వచ్చింది. దాని మొదటి నమూనాను 1935లో ఎలెక్ట్రాన్ అనే మెగ్నీషియం మిశ్రమ లోహంతో చేశారు. వెల్డింగ్ పెడితే నిప్పంటుకుని మండుతుంది. అందుకే రేకుల అంచులు పైకి మడిచి రివెట్లు కొట్టారు. ముక్కు దగ్గర మొదలై, పైకప్పు మీదుగా తోక దాకా వెన్నెముకలా ఒక గట్టు లేచింది. తర్వాతి నాలుగు కార్లనూ అల్యూమినియంతో చేశారు, హాయిగా వెల్డింగ్ చేసుకోవచ్చు. అయినా జాన్ ఆ గట్టు తీయలేదు. తాత దాచిన అతుకును మనవడు నడినెత్తిన పెట్టుకున్నాడు.

1939 ఆగస్టు 11న మోల్స్‌హైమ్ దగ్గర రేసు కారు టెస్ట్ చేస్తుండగా సైకిల్ మనిషి అడ్డొచ్చాడు. జాన్ అతన్ని తప్పించి చెట్టుకు గుద్దుకున్నాడు. అప్పటికి 30 ఏళ్లు. ఆ నాలుగు అట్లాంటిక్‌లలో నల్లది ఆయన దగ్గరే ఉండేది. యుద్ధం గొడవలో అదీ మాయమైంది. ఇప్పటికీ దొరకలేదు.