స్టైల్ ఫైల్‌ను తెరిచి చూద్దాం
(తిరుపతిలో పరిశోధక విద్యార్థుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇక్కడ తెలుగు, చరిత్ర, సంస్కృతం వాళ్లున్నారు. బయోకెమిస్ట్రీ, జంతుశాస్త్రం వాళ్లూ ఉన్నారు. మీ సబ్జెక్టులు వేరైనా కష్టం ఒకటే. ఒక జర్నల్ పేపరు వెనక్కి పంపింది, ఇంకో జర్నల్‌కు పంపాలి, అక్కడ రిఫరెన్సుల పద్ధతి వేరు. లేదా థీసిస్ అంతా అయిపోయాక యూనివర్సిటీ నియమావళి చూస్తే మీరు రాసింది వేరు, అడిగింది వేరు. అప్పుడు టెన్షన్ మొదలవుతుంది. రాత్రిళ్లు మేలుకుని కామాలు, బ్రాకెట్లు, ఇటాలిక్స్ ఒక్కొక్కటే దిద్దుతారు. మంచి పరిశోధన చేసినవాళ్లు, విషయం మీద పట్టున్నవాళ్లు ఇలా అలసిపోవడం చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది. అందుకే ఈ మాటలు చెప్పడానికి వచ్చాను.

మీలో చాలామంది రిఫరెన్సులను దాచి, జాబితా కట్టిపెట్టే జొటేరో అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు. కొందరు మెండలే, ఇంకొందరు ఎండ్‌నోట్. ఏది వాడినా తప్పు ఎక్కడ పుట్టిందో అక్కడే దిద్దాలి. రచయిత పేరులో, సంవత్సరంలో తప్పుంటే లైబ్రరీలో, అంటే సాఫ్ట్‌వేర్‌లో మీరు దాచుకున్న రిఫరెన్సుల్లో దిద్దండి. కామా తప్పు, క్రమం తప్పు అయితే స్టైల్ ఫైల్‌లో, అంటే రిఫరెన్సు ఏ రూపంలో పడాలో చెప్పే ఫైల్‌లో దిద్దండి. వర్డ్ డాక్యుమెంట్‌లో మాత్రం చెయ్యి పెట్టకండి. అక్కడ కనిపించే సైటేషన్ (ఆధార సూచన) మామూలు అక్షరాలు కాదు, అదొక ఫీల్డ్, సాఫ్ట్‌వేర్ తానే నింపే చోటు. రిఫ్రెష్ చేస్తే మీరు చేత్తో దిద్దినది పోయి పాతదే తిరిగి రావచ్చు.

స్టైల్ ఫైల్ అంటే భయపడాల్సిందేమీ లేదు. జొటేరో, మెండలే రెండూ వాడేది సైటేషన్ స్టైల్ లాంగ్వేజ్, పొట్టిగా సీఎస్ఎల్. దీన్ని మొదలుపెట్టినవారు బ్రూస్ డార్కస్. జొటేరో 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీలో, చరిత్రకారుల మధ్య పుట్టింది. సీఎస్ఎల్ 1.0 వెర్షన్ 2010లో వచ్చింది. ఒక్కో స్టైల్ ఒక చిన్న ఎక్స్ఎంఎల్ ఫైల్, అంటే గుర్తులు పెట్టిన మామూలు అక్షరాల ఫైల్. నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదవొచ్చు. ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి ఉన్న భండారంలో ఇలాంటి స్టైళ్లు పదివేలకు పైగా ఉన్నాయి. కాబట్టి సున్నా నుంచి ఎవరూ రాయనక్కర్లేదు. మీకు కావలసినదానికి బాగా దగ్గరగా ఉన్న స్టైల్ తీసుకుని, తేడా ఉన్నచోట మార్చుకుంటే చాలు. కొత్త చొక్కా కుట్టించుకోకుండా ఉన్న చొక్కా చేతులు పొట్టి చేయించుకోవడం లాంటిది.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. ఆ పదివేలలో ఎక్కువ భాగం ఆశ్రిత స్టైళ్లు. అంటే ఆ ఫైల్‌లో జర్నల్ పేరు, వివరాలు మాత్రమే ఉంటాయి. రూపం గురించి ఒక్క ముక్క కూడా ఉండదు, ఫలానా మాతృ స్టైల్‌ను చూడు అని ఒక లింకు ఉంటుంది, అంతే. దాన్ని తెరిచి మార్చడానికి ఏమీ దొరకక నిరాశపడకండి. ఆ లింకు పట్టుకుని మాతృ స్టైల్‌కు వెళ్లి దాన్ని మార్చండి.

మార్చే ముందు కాపీ తీసుకోండి. కాపీలో మొదట టైటిల్, ఐడీ రెండూ మార్చండి. ఈ పని చేయకపోతే భండారంలో ఆ స్టైల్ అప్‌డేట్ అయిన రోజున జొటేరో కొత్తది దించుకుని మీ మార్పుల మీద రాసేస్తుంది. జొటేరో సెట్టింగ్స్‌లో సైట్ (Cite) అనే భాగం కింద స్టైల్ ఎడిటర్ ఉంది. పైన కోడ్, కింద మీ లైబ్రరీలోని పుస్తకాలతోనే నమూనా. ఒక అక్షరం మార్చగానే ఫలితం కనబడుతుంది.

సైన్సు వాళ్లకు ఎక్కువగా పనికొచ్చే మార్పు రచయితల సంఖ్య. వైద్య జర్నళ్లలో వాడే వాంకూవర్ పద్ధతిలో ఆరుగురి పేర్లు రాసి ఆపైన ఎట్ ఆల్ (తదితరులు) అంటారు. స్టైల్‌లో అది రెండు అంకెలు: ఎట్-ఆల్-మిన్ 7, ఎట్-ఆల్-యూజ్-ఫస్ట్ 6. మీ జర్నల్ ముగ్గురినే రాయమంటే వాటిని 4, 3 చేయండి. ఏపీఏ, అంటే అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ పద్ధతి, ఆరో ఎడిషన్‌లో ఎనిమిది మంది అంతకు మించి ఉంటే మొదటి ఆరుగురు, మూడు చుక్కలు, చివరి రచయిత. 2019లో వచ్చిన ఏడో ఎడిషన్‌లో ఇరవై మంది దాకా అందరి పేర్లూ రాయాలి, ఇరవై ఒక్కరు, అంతకు మించి ఉంటే మొదటి పంతొమ్మిది మంది, చుక్కలు, చివరివారు. చేత్తో మార్చేవాళ్లకు ఇది పీడకల. స్టైల్‌లో మాత్రం 8, 6 ఉన్నచోట 21, 19 పడితే అయిపోతుంది.

విరామ చిహ్నాల దగ్గర కాస్త ఆగుదాం, పాడయ్యేది ఎక్కువగా అక్కడే. పుట సంఖ్య లేని పుస్తకానికి చివర కామా వేలాడుతుంటుంది, ప్రచురణ స్థలం లేని పుస్తకానికి రెండు విరామ చిహ్నాలు పక్కపక్కనే పడతాయి. కారణం, కామాను ఎవరో విడి అక్షరంగా పెట్టారు. సీఎస్ఎల్‌లో గ్రూప్ అనే కట్ట ఉంది. స్థలం, ప్రచురణకర్త, సంవత్సరం మూడింటినీ ఒక గ్రూపులో పెట్టి, డీలిమిటర్, అంటే మధ్యలో పడే గుర్తు, కామా అని చెప్పండి. మూడూ ఉంటే మధ్యలో రెండు కామాలు, రెండే ఉంటే ఒకటి, ఒకటే ఉంటే అసలు కామా ఉండదు. "పుట" లాంటి మాటను కూడా పుట సంఖ్యతో కలిపి గ్రూపులో పెడితే, సంఖ్య లేనప్పుడు ఆ మాట కూడా పోతుంది. ఈ ఒక్క సంగతి అర్థమైతే స్టైల్ మార్చడంలో సగం పని వచ్చేసినట్టే.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయానికి వస్తాను. తెలుగులో థీసిస్ రాసేవాళ్లు ఈ సాఫ్ట్‌వేర్ మాకు కాదు అనుకుని దూరంగా ఉంటున్నారు. జాబితాలో తెలుగు పుస్తకాల మధ్య ఎట్ ఆల్, పీపీ, ఈడీ అని ఇంగ్లీషు ముక్కలు వస్తాయని వాళ్ల ఫిర్యాదు. ఫిర్యాదు న్యాయమే, కానీ దానికి మందు స్టైల్‌లోనే ఉంది. స్టైల్ ఫైల్‌లో లొకేల్ అనే భాషా భాగం పెట్టి, అందులో టర్మ్‌లు, అంటే స్టైల్ తనంతట తాను వేసే మాటలు రాసుకోవచ్చు. ఎట్-ఆల్ అనే టర్మ్‌కు "తదితరులు", ఎడిటర్‌కు "సం.", పేజ్‌కు ఏకవచనంలో "పుట", బహువచనంలో "పుటలు". నెలల పేర్లు పన్నెండూ అక్కడే తెలుగులో ఇవ్వొచ్చు. ఆ లొకేల్‌కు భాష గుర్తు పెట్టకుండా వదిలేస్తే, డాక్యుమెంట్ ఏ భాషలో ఉన్నా మీ మాటలే వస్తాయి. ఇద్దరు రచయితల మధ్య "మరియు" నాకు నచ్చదు, తెలుగులో కామా చాలు. నేమ్ అనే చోట అండ్ అన్న లక్షణాన్ని తీసేస్తే అది పోతుంది.

మన ఊళ్లో దొరికే ఆధారాలను చూడండి. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాచ్య పరిశోధన సంస్థలో తాళపత్ర గ్రంథాలున్నాయి. అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీద ఉన్నాయి, వాటిని చూపించేటప్పుడు రేకు సంఖ్య, సంపుటం, సంకీర్తన సంఖ్య ఇస్తాం. దేవస్థానం శాసనాలను సంపుటం, శాసన సంఖ్యతో చూపిస్తాం. కావ్యమైతే ఆశ్వాసం, పద్యం. ఏపీఏలో వీటికి చోటు లేదని పుట సంఖ్యతో సరిపెడుతున్నారు. పుట సంఖ్య ముద్రణ మారితే మారిపోతుంది, రేకు సంఖ్య మారదు. ఆధారాన్ని వెతుక్కునే పాఠకుడికి కావలసింది రేకు సంఖ్యే.

సైటేషన్ పెట్టేటప్పుడు పేజ్ అని ఉన్నచోట నొక్కితే ఒక జాబితా వస్తుంది: ఛాప్టర్, ఫోలియో, వర్స్, వాల్యూమ్, ఓపస్ ఇలా. వీటి పేర్లన్నీ టర్మ్‌లే. వర్స్‌ను "పద్యం" చేయండి. ఫోలియోను తాళపత్రాల కోసం "పత్రం" చేయండి. ఓపస్ పాశ్చాత్య సంగీతానికి సంబంధించింది, మన థీసిస్‌లో దాని అవసరం రాదు. దాన్ని "రేకు" చేసుకోండి. ఎంచుకునేటప్పుడు తెర మీద పాత ఇంగ్లీషు పేరే కనబడుతుంది, కాగితం మీద "రేకు" పడుతుంది. ఒక సైటేషన్‌కు ఇలాంటి గుర్తు ఒకటే పట్టుతుంది, కాబట్టి ఆశ్వాసం, పద్యం రెండూ కావాలంటే మన పద్ధతిలోనే 2-45 అని రాయండి.

తాళపత్రాన్ని లైబ్రరీలో పుస్తకంగా కాకుండా మాన్యుస్క్రిప్ట్‌గా నమోదు చేయండి. భద్రపరచిన సంస్థ పేరు ఆర్కైవ్ అనే గడిలో, రాతప్రతి సంఖ్య దాని పక్కనున్న గడిలో. స్టైల్‌లో ఒక షరతు రాసి, రకం మాన్యుస్క్రిప్ట్ అయితే ఈ రెండూ చూపించు అని చెప్పొచ్చు. అదే షరతుతో ఒక మాక్రో, అంటే పేరు పెట్టిన చిన్న కోడ్ ముక్క చేసి, రాతప్రతులకు 1, మిగతావాటికి 2 అని ఇచ్చి, దాన్ని వరుస కట్టడానికి వాడితే గ్రంథసూచిలో రాతప్రతులు ముందుకొస్తాయి. ప్రాథమిక ఆధారాలు పైన ఉండాలనే గైడ్‌లకు ఇది నచ్చుతుంది.

పేర్ల సంగతి స్టైల్‌తో తేలేది కాదు, నమోదు దగ్గరే తేలాలి. సాఫ్ట్‌వేర్‌కు తెలిసింది రెండు గడులు, చివరి పేరు, మొదటి పేరు. మన ఇంటిపేరు ముందుంటుంది. పేరు చివరనున్న రావునో రెడ్డినో చివరి పేరు గడిలో పెడితే జాబితాలో ఒకరి పక్కన ఒకరు రావులే, ఎవరు ఎవరో తెలియదు. తెలుగు పుస్తకాల రచయితలకు నా సలహా, ఆ రెండు గడులనూ ఒకే గడిగా మార్చే మీట పక్కనే ఉంది, అది నొక్కి పుస్తకం మీద ఉన్నట్టే పేరంతా రాయండి. స్టైల్ దాన్ని తిప్పదు, పొడి అక్షరాలు చేయదు. ఇంగ్లీషు జర్నల్‌లో అచ్చయిన పేపర్లకు మాత్రం ఆ జర్నల్ ఎలా విడదీసిందో అలాగే ఉంచండి.

ఇంగ్లీషు శీర్షికలను లైబ్రరీలో మొదటి అక్షరం, సంజ్ఞా నామాలు మాత్రమే పెద్దక్షరాలుగా ఉంచండి. ప్రతి మాటకూ పెద్దక్షరం కావాలంటే స్టైల్ చేయగలదు. అన్నీ పెద్దక్షరాలున్నదాన్ని సరిగా తగ్గించలేదు, ఏది సంజ్ఞా నామమో దానికి తెలియదు.

కుదరనివీ ఉన్నాయి. ఒకే రచయిత ఒకే ఏడాది రెండు రచనలు చేస్తే 2018 పక్కన ఎ, బి అని ఇంగ్లీషు అక్షరాలే పడతాయి. తెలుగు స్టైల్‌లో ఇంగ్లీషు పేపరును చూపించినా "తదితరులు" అనే వస్తుంది. థీసిస్ తెలుగులో ఉన్నప్పుడు అదే సరైనదని నా అభిప్రాయం. మీ గైడ్ ఒప్పుకోకపోతే, స్టైల్ మొదలుపెట్టే ముందే ఆ చర్చ తేల్చుకోండి. ఎండ్‌నోట్ వాడేవాళ్ల ఫైల్ వేరే రకం, ఈ టర్మ్‌లు అక్కడ పనిచేయవు. దాని సొంత అవుట్‌పుట్ స్టైల్ ఎడిటర్‌లో టెంప్లేట్లు మార్చుకోవాలి.

థీసిస్ సమర్పించే ముందు అసలు ఫైల్ అలాగే దాచి, ఇంకో కాపీలో అన్‌లింక్ సైటేషన్స్ నొక్కండి. అప్పుడు ఫీల్డులన్నీ మామూలు అక్షరాలవుతాయి. ప్రెస్‌కు, జర్నల్‌కు ఆ కాపీనే పంపండి. వైవా తర్వాత దిద్దుబాట్లు వస్తే అసలు ఫైల్ ఉండాలి.

ఒక డిపార్ట్‌మెంట్‌కు ఒక స్టైల్ ఫైల్ సరిపోతుంది. ఒకరు చేస్తే మిగతావాళ్లు ఆ ఫైల్ మీద రెండుసార్లు క్లిక్ చేసి ఇన్‌స్టాల్ చేసుకుంటారు. తెలుగు శాఖవాళ్లు ఈ మధ్యాహ్నం ఏపీఏ కాపీతో మొదలుపెట్టి ముందు లొకేల్ భాగం రాయండి, నేను మీ బల్లల దగ్గరికే వస్తాను. సైన్సు వాళ్లు మీరు పంపబోయే జర్నల్ మార్గదర్శకాలు తెరిచి పెట్టుకోండి, ఎట్-ఆల్ అంకెలతో మొదలుపెడదాం.