ఇంటి కాగితం, ఇంటి వడ్డీ

శ్రోతలకు నమస్కారం.

నెల్లూరు జిల్లాలో ఇంటి స్థలాన్ని అంకణాల్లో బేరమాడతాం. ఒంగోలు వైపు గజాల్లో, పల్లెల్లో సెంట్లలో. మన నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. తిరుపతి వైపు పోతే అంకణం 36 చదరపు అడుగులే. 20 అంకణాలని నోటిమాట మీద కొంటే 160 గజాలు వస్తాయో 80 గజాలే వస్తాయో, అమ్మేవాడి మనసులో ఏ లెక్క ఉందో దాన్ని బట్టి ఉంటుంది. అందుకే అగ్రిమెంటులో అంకణాలతో పాటు చదరపు గజాలు, నాలుగు వైపుల కొలతలు, నాలుగు హద్దులు విడివిడిగా రాయించుకోవాలి.

కొలతతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. చీమకుర్తి క్వారీలో పనిచేసే మనిషికో, రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండే మనిషికో సొంతిల్లు అందకపోవడానికి ధరలు మండిపోవడం ఒక్కటే కారణం కాదు. కాగితం సరిగా లేని స్థలం చౌకగా దొరుకుతుంది. కానీ దాని మీద బ్యాంకు అప్పు పుట్టదు. బ్యాంకులో పుట్టకపోతే ఇక వడ్డీ వ్యాపారే దిక్కు.

లెక్క చూడండి. ఇల్లు కట్టుకోవడానికి 5 లక్షలు కావాలనుకుందాం. బ్యాంకులో ఏడాదికి 9 శాతం వడ్డీతో 20 ఏళ్ళ గడువు పెట్టుకుంటే నెలకు సుమారు 4,500 రూపాయలు కట్టాలి. మొత్తం 10 లక్షల 80 వేలతో అప్పు తీరిపోతుంది. అదే 5 లక్షలు బయట నూటికి 2 రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 10,000 వడ్డీకే పోతుంది. 9 ఏళ్ళు కడితే అదే 10 లక్షల 80 వేలు అవుతుంది, అసలు 5 లక్షలు మాత్రం ఒక్క రూపాయి కూడా తగ్గదు. ఒకే ఇటుక, ఒకే సిమెంటు. సంపాదన తక్కువున్న మనిషికే ఇల్లు ఎక్కువ ఖరీదు పడుతోంది. ఇంటి విషయంలో అన్యాయం అంటే ముందు ఇదే.

బ్యాంకు ఎందుకు కాదంటుంది? మొట్టమొదట, రిజిస్ట్రేషన్ లేని కొనుగోలు. 100 రూపాయలు, అంతకు మించిన విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావాల్సిందే. నోటరీ చేయించిన స్టాంపు కాగితం హక్కు ఇవ్వదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకున్నంత మాత్రాన ఆస్తి మనదైపోదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా మన ఊళ్ళలో నేటికీ ఈ కాగితాల మీద స్థలాలు చేతులు మారుతున్నాయి.

తర్వాతిది డీకేటీ పట్టా, అంటే అసైన్డ్ భూమి. పేదలకిచ్చిన భూమి పెద్దల పాలు కాకూడదని 1977 చట్టం ఆంక్షలు పెట్టింది. తర్వాత కొన్ని సడలింపులు వచ్చినా, ఆ సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉన్నంతకాలం రిజిస్ట్రేషన్ జరగదు. అడ్వాన్సు ఇవ్వకముందే రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో గ్రామం, సర్వే నంబరు కొట్టి చూసుకోవాలి. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపించే పత్రం, అక్కడే దొరుకుతుంది, 1983 నుంచి ఉన్న లావాదేవీలు కంప్యూటర్లో ఉన్నాయి. ఈసీ 30 ఏళ్ళకు తీయించండి. అందులో కనిపించే ప్రతి అమ్మకానికీ లింకు డాక్యుమెంటు, అంటే ఆ పాత దస్తావేజు, అడగండి. మధ్యలో ఒక లింకు లేకపోయినా బ్యాంకు వకీలు అక్కడే ఆపేస్తాడు.

మరొకటి అనుమతి లేని లేఅవుటు. పొలంలో రాళ్ళు పాతి, ఎర్రమట్టి రోడ్డు పోసి అమ్ముతారు. అమ్మేవాడి చేతిలో ఉన్న రంగుల ప్లాను చూసి నమ్మకూడదు. నెల్లూరైతే నుడా అనే పట్టణాభివృద్ధి సంస్థ, ఒంగోలైతే అక్కడి పట్టణాభివృద్ధి సంస్థ ఇచ్చిన ఎల్‌పీ నంబరు, అంటే లేఅవుటు అనుమతి నంబరు, అడగాలి. లేఅవుటు 500 చదరపు మీటర్లు దాటితే రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో, నమోదు తప్పనిసరి. 500 చదరపు మీటర్లంటే మన లెక్కలో 75 అంకణాలకు కాస్త తక్కువ. అంటే రోడ్డు పక్కన కనిపించే దాదాపు ప్రతి వెంచరూ ఇందులోకి వస్తుంది. రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. సగం డబ్బు ముందే అడిగితే అక్కడే ఆగిపోండి.

కాగితాలన్నీ బాగున్నా చాలామంది చేసే పొరపాటు ఇంకొకటి ఉంది. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు కలిపి 7.5 శాతం పడతాయని, డాక్యుమెంటులో ధర తగ్గించి రాయిస్తారు. బ్యాంకు ఆ రాసిన ధరను చూసే అప్పు లెక్కగడుతుంది. 8 లక్షలకు కొని 5 లక్షలని రాయిస్తే మిగులు 22,500 రూపాయలు. 90 శాతం అప్పిచ్చే బ్యాంకు దగ్గర పోయేది 2 లక్షల 70 వేల అప్పు. 10 లక్షల లోపు ఇంటికి ఈ ఖర్చుల్ని కూడా ఇంటి విలువలో కలిపి అప్పు ఇవ్వవచ్చని 2015లో రిజర్వు బ్యాంకు చెప్పింది. మేనేజరును అడగాల్సిన మాట ఇది.

జీతం చీటీ లేనివాళ్ళకు అప్పెలా? కూలి డబ్బు ఏడాది పాటు ఖాతాలో వేసి తీయడం, పొదుపు సంఘంలో కిస్తీ తప్పకపోవడం, ఈ రెండూ చూపించవచ్చు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డ నేల ఇది. ఆ తర్వాత రోజుకో రూపాయి దాచే పొదుపు లక్ష్మి పుట్టిందీ నెల్లూరు జిల్లాలోనే. ఏళ్ళ తరబడి సంఘంలో బాకీ తప్పని మనిషికి ఇంటి అప్పు ఇవ్వడానికి బ్యాంకు జీతం చీటీ అడగడం న్యాయం కాదు. సంఘం పుస్తకాన్నే ఆదాయానికి రుజువుగా ఒప్పుకోవాలని మండల సమాఖ్యలు గట్టిగా అడగాలి.

ఇల్లు భార్య పేరునో ఇద్దరి పేరునో రిజిస్టరు చేయించండి. ఒక్కడి పేరున ఉంటే, ఆ ఒక్కడు అప్పుల్లో పడ్డ రోజు ఇల్లు చెయ్యి జారుతుంది. ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా 1985లో మన రాష్ట్రం ఇచ్చింది, 2005లో దేశమంతా వచ్చింది. పెళ్ళికి పెట్టాం కదా అని ఆడపడుచు చేత హక్కు విడుదల పత్రం రాయించుకోవడం ఇంకా మానలేదు. చదవకుండా సంతకం పెట్టవద్దు తల్లీ.

ఇక నేల సంగతి. గ్రామీణ ఆవాస్ యోజనలో మైదాన ప్రాంతపు ఇంటికి కేంద్రం లెక్క 1 లక్షా 20 వేలు. ఇసుక నేలైనా, ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడైనా అంతే. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. మూడడుగుల పునాది మీద గోడ లేపితే రెండు మూడేళ్ళలోనే కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్ళు వస్తాయి. అక్కడ కావాల్సింది అండర్ రీమ్ పైల్స్: 3.5 మీటర్ల లోతుకు బోరు గుంత తీసి, అడుగున గుంత వెడల్పుకు రెండున్నర రెట్లు గుబ్బలా తొలిచి, కమ్మీ దించి కాంక్రీటు పోయాలి. పైన వేసే బీము అడుగున మట్టికి తగలకుండా ఖాళీ వదలాలి. ఆ ఖాళీ వదలకపోతే ఉబ్బిన మట్టి బీమునే పైకి తోస్తుంది. ఈ అదనపు ఖర్చు పేదవాడి నెత్తిన పడుతోంది కాబట్టే ఎన్నో ఇళ్ళు బేస్‌మెంటు దగ్గరే ఆగిపోతున్నాయి. నేలను బట్టి సాయం పెరగాలి.

కాలనీకి స్థలం ఎంచే తీరు కూడా మారాలి. 2021 నవంబరులో పెన్నకు వరదొస్తే నెల్లూరులో ఏటి ఒడ్డు పేటల్లోకే ముందు నీళ్ళొచ్చాయి. చెరువు దిగువ పల్లంలో పట్టాలిస్తే ఇంటికి పెట్టుకున్న డబ్బంతా మెరక పోయడానికే సరిపోతుంది. ఊరికి దూరంగా ఇస్తే రోజుకు 60 రూపాయల ఆటో ఖర్చు, నెలకు 25 రోజుల పనికి 1,500. పైన చెప్పిన బ్యాంకు కిస్తీలో అది మూడో వంతు.

అద్దెకుండేవాళ్ళ మాట ఒక్కటి. "మీరేమిట్లు?" అని అడిగి, ఆ జవాబును బట్టి గది ఇవ్వడం, ఇవ్వకపోవడం మన పట్టణాల్లో ఇంకా ఉంది. అద్దె, అడ్వాన్సు, శుభ్రత, ఇవి అడగండి. కులం, మతం అడగకండి.

చివరిగా అప్పు తీరిన రోజున చేయాల్సింది. బాకీ పూర్తయిన 30 రోజుల్లో బ్యాంకు అసలు దస్తావేజులు తిరిగివ్వాలి. తన తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మీకు చెల్లించాలి, 2023 డిసెంబరు నుంచి ఇది రిజర్వు బ్యాంకు నియమం. దస్తావేజులు చేతికొచ్చాక తనఖా రద్దు కూడా రిజిస్టరు చేయించి, మళ్ళీ ఈసీ తీసి చూడండి. తనఖా తీరినట్టు అందులో ఎక్కిందో లేదో సరిచూసి, ఆ కాపీని దస్తావేజులతో పాటు భార్యాభర్తలిద్దరికీ తెలిసిన చోట దాచండి.

నమస్కారం.