రాని కోరపన్ను: ఎంతకాలం ఎదురుచూడవచ్చు?

సభకు నమస్కారం. పళ్ళు బయటికి రాకపోవడమనే విషయం చాలా పెద్దది. ఇక్కడ ఎక్కువమంది తల్లిదండ్రులే కనుక, జ్ఞానదంతాన్ని పక్కనబెట్టి పై కోరపన్ను గురించే మాట్లాడతాను. జ్ఞానదంతం తరువాత ఎముకలో చిక్కుకుపోయేవాటిలో ఇదే ముఖ్యమైనది. సుమారు నూటికి ఇద్దరిలో, అందులోనూ ఆడపిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ పన్ను దవడ ఎముకలో చాలా పైన తయారై, పక్కనున్న ముందుపన్ను వేరు వెంబడి దిగుతూ, సాధారణంగా 11, 12 ఏళ్ళకు బయటపడుతుంది. ఆ వేరు పొట్టిదైనా, అసలు ఆ పన్నే లేకపోయినా, కోరపన్ను దారి తప్పి అంగిలి వైపు మళ్ళే అవకాశం పెరుగుతుంది. చోటు చాలకపోవడం, అదనపు పన్నో తిత్తో అడ్డుపడడం కూడా కారణాలే. అన్ని పళ్ళూ ఆలస్యమవుతున్నప్పుడు మాత్రం థైరాయిడ్ లోపం, రికెట్స్ (పిల్లల్లో ఎముకలు మెత్తబడే జబ్బు) వంటివి ఉన్నాయేమో పిల్లల వైద్యులు చూడాలి.

"నొప్పి లేదు కదా, అదే వస్తుందిలే" అన్న మాటతోనే నాకు పేచీ. చిక్కుకున్న కోరపన్ను చాలావరకు నొప్పి పెట్టదు. చడీచప్పుడు లేకుండా పక్కపన్ను వేరును కరిగించివేయగలదు. పదేళ్ళ పిల్లల పై చిగురును పెదవి వైపు వేలితో తడిమితే కోరపన్ను ఉబ్బు తగలాలి. తగలకపోయినా, ఒక వైపే తగిలినా దంతవైద్యులకు చూపించి, అవసరమైతే ఎక్స్‌రే తీయించాలి.

ఇంత తొందర ఎందుకంటే, ఆ వయసులో చికిత్స చాలా చిన్నది. స్వీడన్‌లో ఎరిక్సన్, కురోల్ అనే పరిశోధకులు 1988లో ప్రచురించిన అధ్యయనంలో, 10 నుంచి 13 ఏళ్ళ పిల్లల్లో అంగిలి వైపు మళ్ళిన 46 కోరపళ్ళకు కిందనున్న పాల కోరపన్నును తీసివేయగా, 36 సరైన దారికి వచ్చాయి. పక్కపన్ను వేరు మధ్యగీతను అప్పటికే దాటిపోయినవాటిలో ఫలితం తగ్గింది.

అదను దాటితే, చిగురు కోసి, పన్నును బయటపెట్టి, దానికి సన్నని గొలుసు అతికించి, క్లిప్పుల సాయంతో నెలల తరబడి మెల్లగా కిందికి లాగవలసివస్తుంది. ఎముకకు అతుక్కుపోయిన పన్ను ఎంత లాగినా కదలదు. పైగా ఆ బలానికి పక్కపళ్ళే చెదురుతాయి. పెద్దవారిలో ఏ హానీ చేయకుండా లోతుగా ఉండిపోయిన కోరపన్నును తీయకుండా వదిలేసి, అప్పుడప్పుడు ఎక్స్‌రేతో గమనించడం కూడా సరైన నిర్ణయమే కావచ్చు.