బొమ్మ గీసిన మనిషి ఎదుట

శ్రోతలకు నమస్కారం.

ఏటా జులైలో అమెరికాలోని శాండియాగో నగరానికి 1,30,000 మందికి పైగా జనం వెళ్తారు. బొమ్మల కథలంటే ప్రాణం పెట్టేవాళ్ళ జాతర అది. పేరు కామిక్ కాన్. టీవీల్లో మనకు కనిపించేది ఎక్కువగా సినిమా తారల సందడి, రకరకాల వేషాల్లో తిరిగే కుర్రకారు. పగటివేషాలు చూసిన గోదావరి జిల్లాల వాళ్ళకి వేషాల సరదా గురించి వేరే చెప్పక్కర్లేదు. నేను చెప్పాలనుకున్నది ఆ జాతరలో కెమెరాలు తక్కువగా వెళ్ళే ఒక మూల గురించి.

అక్కడ వరసగా చిన్న చిన్న బల్లలు వేసి ఉంటాయి. ఒక్కో బల్ల వెనక ఒక చిత్రకారుడో, చిత్రకారిణో కూర్చుంటారు. తమ బొమ్మలు, పుస్తకాలు తామే అమ్ముకుంటారు. అడిగినవాళ్ళకి అప్పటికప్పుడు గీసిస్తారు. పన్నెండేళ్ళ పిల్ల వచ్చి, "ఈ గుర్రం కాళ్ళు ఎలా గీశారండీ?" అని నేరుగా అడగొచ్చు. కొత్తగా గీస్తున్న కుర్రాళ్ళ బొమ్మలు చూసి, తప్పొప్పులు చెప్పే ప్రచురణ సంస్థల వాళ్ళు కూడా వస్తారు. తారల హంగామా లేకపోయినా ఆ జాతర నిలుస్తుంది. ఈ బల్లలు లేకపోతే దానికి అర్థమే లేదని నా నమ్మకం.

ఎందుకంటే మనకు దక్కనిది అదే. 1947లో చందమామ మొదలైంది. విక్రమార్కుడి భుజం మీద బేతాళుణ్ణి శంకర్ గారు దశాబ్దాల తరబడి గీశారు. ముఖచిత్రం కింద వపా అన్న రెండక్షరాలు చూసి వడ్డాది పాపయ్య గారిని గుర్తుపట్టని ఇల్లు ఉండేదా? అయినా ఆ బొమ్మలు చూస్తూ పెరిగిన లక్షల మందిలో ఎందరికి వాళ్ళ ఎదురుగా నిలబడి ఒక్క మాట చెప్పుకునే వీలు దొరికింది? శంకర్ గారు 2020లో వెళ్ళిపోయారు. ఆ లోటు ఇక తీరదు.

బొమ్మల విషయంలో మన గడ్డ చిన్నదేం కాదు. బాపు గారు పుట్టింది నరసాపురంలో, 1933 డిసెంబరు 15న. ఆయన చేతిరాతే ఇవాళ తెలుగు ఫాంటై శుభలేఖల మీద కనిపిస్తోంది. రాజమండ్రి వాడైన దామెర్ల రామారావు 1925లో, ముప్పై ఏళ్ళయినా నిండకుండానే కన్నుమూశాడు. ఆయన చిత్రాలు రాజమండ్రి ఆర్ట్ గ్యాలరీలో ఉన్నాయి. ఊళ్ళో ఉన్నవాళ్ళు ఒకసారైనా పిల్లల్ని తీసుకెళ్ళండి.

అలాంటి జాతర మన దగ్గరా పెట్టుకుందాం. అంత పెద్దది మనవల్ల అవుతుందా అనే టెన్షన్ వద్దు. శాండియాగోలో 1970 మార్చిలో ఒక హోటల్ సెల్లార్‌లో ఒక్కరోజు సభతో మొదలెట్టారు. నూటయాభై మంది కూడా రాలేదు. పెద్ద సభకి డబ్బు కూడబెట్టడానికి పెట్టుకున్న చిన్న సభ అది. పెట్టినవాళ్ళలో చాలామంది ఇరవై ఏళ్ళయినా నిండని కుర్రాళ్ళు. ఆగస్టులో మూడు రోజుల సభ జరిపితే, పేరున్న చిత్రకారుడు జాక్ కర్బీ, రచయిత రే బ్రాడ్‌బరీ వచ్చారు. ఇప్పటికీ దాన్ని నడిపేది లాభాపేక్ష లేని సంస్థే. మన కోనసీమ జగ్గన్నతోటలో కనుమ నాడు పదకొండు ఊళ్ళ ప్రభలు కలిసే తీర్థం కూడా అంతే కదా, ఎవరి ప్రభ వాళ్ళే కట్టుకుని, ఎవరి భుజం వాళ్ళే పట్టి చేసుకునే పండగ!

మన దేశంలో 2011లో ఢిల్లీలో, తర్వాత హైదరాబాదులో కూడా ఇలాంటివి మొదలయ్యాయి. మంచిదే. కానీ రాజోలు పిల్ల హైదరాబాదు వెళ్ళాలంటే రాత్రంతా బస్సు, బస, ఎంట్రీ టికెట్టు, తోడుగా ఇంకో మనిషి. చాలా ఇళ్ళల్లో అది జరిగే పని కాదు.

కాబట్టి బాపు గారి పుట్టినరోజుకి దగ్గర్లో వచ్చే ఆదివారం, నరసాపురంలోనో అమలాపురంలోనో ఒక కల్యాణమండపంలో మొదలుపెడదాం. బడుల్లో డ్రాయింగు మాస్టార్లని, ఒకప్పుడు సినిమా హాళ్ళకి బ్యానర్లు రాసి ఫ్లెక్సీలొచ్చాక కుంచె పక్కన పెట్టిన పెయింటర్లని, ఫోన్లోనే కార్టూన్లు గీస్తున్న ఇంజనీరింగు కుర్రాళ్ళని పిలుద్దాం. బల్లలకి అద్దె వద్దు. అటకల మీది చందమామ బైండింగులు తెచ్చి చూపించేవాళ్ళకి ఒక గది ఇద్దాం. పొద్దుటి పూట రెండు గంటలు మాత్రం పిల్లల నోటుపుస్తకాలకే. పెద్దవాళ్ళు వాళ్ళ పక్కన కూర్చుని, గీత గీత చూసి మాట్లాడాలి.

నమస్కారం.